రంగు వేయించకముందే బంపర్‌ని బండికి తొడిగి చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: డాలస్ దగ్గర ఉంటారు, 2013 సయాన్ ఎఫ్ఆర్-ఎస్ కారు ఉంది, పార్కింగ్‌లో సిమెంటు దిమ్మకి తగిలి ముందు బంపర్ చీలింది. ఎలాగూ మార్చాలి కదా అని ఒరిజినల్ బదులు ఫైబర్‌గ్లాస్ ఆఫ్టర్‌మార్కెట్ బంపర్ (కార్ల కంపెనీది కాకుండా బయటివాళ్లు గాజునారతో చేసేది) ఆర్డర్ పెట్టారు. అది రాగానే బాడీ షాపులో రంగు వేయించి తెచ్చుకుంటే, ఓ శనివారం గ్యారేజీలో మీరే బిగించుకోవచ్చా అని.

బిగించుకోవచ్చు. కానీ ఒక్క శనివారంలో అవ్వదు, మూడు వారాంతాలు పెట్టుకోండి. రంగు మాత్రం ముందు వేయించొద్దు. బంపర్ బండి మీద కూర్చుని, అంచులు కలిసి, రంధ్రాలన్నీ కొట్టడం అయ్యాక విప్పి రంగుకి ఇవ్వాలి. మిగతా జవాబంతా చదవకపోయినా ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే మీకు ఐదారు వందల డాలర్లు మిగులుతాయి.

నా సంగతి రెండు మాటలు. మా మేనమామకి విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ షెడ్డు ఉండేది. ఇంటర్ సెలవుల్లో అక్కడ లప్పం మీద వాటర్ పేపర్ పట్టడం నా డ్యూటీ. ఇప్పుడు డాలస్ పక్కనే ఇర్వింగ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శని ఆదివారాలు గ్యారేజీ. నాదీ ఎఫ్ఆర్-ఎస్సే. నావీ స్నేహితులవీ కలిపి ఇప్పటికి పదకొండు ముందు బంపర్లు బిగించాను. అందులో మూడు పాడుచేశాను. కింద రాసేదంతా ఎక్కువగా ఆ మూడింటి దగ్గర నేర్చుకున్నదే.

మొదటిది నా బండిదే. మీలాగే ముందు రంగు వేయించాను. మెరిసిపోతూ వచ్చింది. దుప్పటి పరిచి, భార్యని ఒక వైపు పట్టుకోమని, బండి మీద పెట్టి చూస్తే కుడి వైపు ఫెండర్‌కి (ముందు చక్రం మీదుండే రేకుకి) అతుక్కుపోయింది, ఎడమ వైపు నా చిటికెన వేలు దూరేంత సందు. కుడి వైపు అంచు అరగదీస్తే తప్ప ఎడమ వైపు దగ్గరికి రాదు. అరగదీస్తే రంగు పోతుంది. అరగదీశాను, పోయింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బండికి పడుతుందో లేదో తెలియని దానికి క్లియర్ కోటు (రంగు మీద వేసే ఆఖరి మెరుపు పూత) దాకా కొట్టించుకున్నాను. రెండోసారి రంగుకి మళ్లీ డబ్బు కట్టాను. పైగా రంగు వేశాక అమ్మినవాడు వాపసు తీసుకోడు. చాలామంది అమ్మకందార్ల షరతుల్లో ఇది స్పష్టంగానే రాసి ఉంటుంది, మనమే చదవం.

ఎందుకు సరిగ్గా పట్టవు? ఇది అర్థమైతే కోపం రాదు, చేతికి ఓపిక వస్తుంది. కంపెనీ బంపర్ పాలీప్రొపిలీన్ లాంటి ప్లాస్టిక్‌ని కరిగించి ఉక్కు అచ్చులోకి యంత్రంతో ఎక్కించి తీసింది. లక్ష తీసినా లక్షా ఒకటే. ఫైబర్‌గ్లాస్ బంపర్ చేత్తో చేసింది. అచ్చులో జెల్‌కోట్ (బయటికి కనిపించే నున్నటి పైపొర) పూసి, దాని మీద గాజునార మ్యాట్ పరిచి, రెజిన్ అనే జిగురుతో తడిపి, రోలర్‌తో అణిచి ఆరబెడతారు. ఆరేటప్పుడు రెజిన్ కాస్త ముడుచుకుంటుంది. తొందరపడి పచ్చిగా ఉండగానే అచ్చులోంచి లాగేస్తే మెలికపడుతుంది. ఇక అసలు కంపెనీ డిజైన్‌ని చూసి తీసిన నకలు బంపర్లయితే, ఒక తయారైన ముక్క మీద అచ్చు తీసి, ఆ అచ్చులో ఇంకో ముక్క తీస్తారు. ప్రతి తరానికీ కాస్త కాస్త కుదించుకుపోతుంది. ఆటోనగర్‌లో మేం చేసేది పోయిన ఆకారాన్ని సుత్తితో కొట్టి వెనక్కి తేవడం. ఇక్కడ ఆ ఆకారం మొదట్నుంచీ లేనే లేదు, మనమే తెప్పించాలి. తేడా అంతే, కానీ పెద్ద తేడా.

పాలీయూరిథేన్ బంపర్ల సంగతి వేరు. రబ్బరులా వంగుతాయి, చిన్న దెబ్బలకి పగలవు, బరువెక్కువ. డబ్బాలో నొక్కుకుపోయి వంకరగా వస్తాయి గానీ వేడికి దారికొస్తాయి. ఒక మిత్రుడి మస్టాంగ్‌కి వచ్చిన బంపర్ మధ్యలో లోపలికి ముడుచుకుపోయి ఉంది. వాపసు పంపిద్దామన్నాడు. జులైలో మన టెక్సస్ ఎండలో డ్రైవ్‌వే మీద, బండి మీద ఉండే ఆకారంలోనే నిలబెట్టి మధ్యాహ్నమంతా వదిలేశాం. సాయంత్రానికి ముప్పాతిక వంతు సర్దుకుంది, మిగతాది హీట్ గన్‌తో చేశాం. మీది ఫైబర్‌గ్లాస్ కాబట్టి ఈ కిటుకు మీకు పనికిరాదు. ఫైబర్‌గ్లాస్‌ని వంచితే వంగదు, పగులుతుంది.

డబ్బా వచ్చినప్పుడు ఒక జాగ్రత్త. ఇంత పెద్ద పెట్టె మామూలు పార్సిల్‌గా కాకుండా లారీ సరుకుగా రావచ్చు. డ్రైవర్ సంతకం పెట్టమని తొందరపెడతాడు. సంతకం కంటే ముందు డబ్బా విప్పండి. మూలలు, ఫెండర్‌కి తగిలే చెవులు, కింది పెదవి చూడండి. పగులు ఉంటే రసీదు మీదే రాసి సంతకం పెట్టండి, ఫొటో తీయండి. శుభ్రంగా సంతకం పెట్టేశాక క్లెయిమ్ గెలవడం కష్టం.

ఇంకోటి, పెట్టె మీద ఎఫ్ఆర్-ఎస్ అని ఉందా బీఆర్‌జెడ్ అని ఉందా చూసుకోండి. టయోటా 86, సయాన్ ఎఫ్ఆర్-ఎస్, సుబారు బీఆర్‌జెడ్ మూడూ జపాన్‌లో గున్మాలోని సుబారు ఫ్యాక్టరీలో పుట్టిన అన్నదమ్ములే గానీ బీఆర్‌జెడ్ ముఖం వేరు. 2017 మోడల్‌కి 86 ముఖం కూడా మార్చారు. అప్పటికి సయాన్ బ్రాండే మూసేశారు కాబట్టి ఇక్కడ కూడా దాన్ని టయోటా 86 అనే అమ్మారు. మీది 2013 కాబట్టి 2013 నుంచి 2016 దాకా అని రాసి ఉన్నదే కావాలి.

ఇక విప్పడం. దీనికి భయపడకండి, గంటన్నర పని. 10 ఎంఎం సాకెట్, క్లిప్పులు లేపే ప్లాస్టిక్ పనిముట్టు, స్టార్ స్క్రూడ్రైవర్ చాలు. జపాన్ బండి స్టార్ స్క్రూలు అమెరికన్ ఫిలిప్స్‌కి కవలల్లా కనిపిస్తాయి గానీ జపాన్ ప్రమాణం వేరు. ఫిలిప్స్ కొన జారి తల అరిగిపోతుంది. జేఐఎస్ అని అడిగి కొనుక్కుంటే జీవితాంతం పనికొస్తుంది.

ముందు బ్యాటరీ నెగటివ్ తీసేసి కాసేపు ఆగండి. ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థలో నిలవున్న కరెంటు దిగడానికి టయోటా కనీసం 90 సెకన్లు చెబుతుంది, నేను టీ తాగొస్తాను. బండి ముందు భాగంలో ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లు ఉంటాయి, వాటిని కదపొద్దు, వాటి దగ్గర సుత్తి పని అసలే వద్దు. బ్యాటరీ మళ్లీ తగిలించాక అద్దాల ఆటో పనిచేయకపోతే కంగారుపడకండి. మన బండికి తలుపు చట్రం లేని అద్దాలు, తలుపు తీయగానే కాస్త దిగుతాయి. వాటిని మళ్లీ సెట్ చేసుకోవాలి, ఎలాగో మాన్యువల్లో ఉంటుంది.

హుడ్ (మనం బానెట్ అనేది) ఎత్తితే బంపర్ పై అంచు పొడుగునా క్లిప్పులు. స్టీరింగ్ ఒక వైపు పూర్తిగా తిప్పితే చక్రం పైన లైనర్ (చక్రం గూడులోని ప్లాస్టిక్ తొడుగు) చివర, బంపర్ ఫెండర్‌ని కలిసే చోట బిగింపులు. కింద అండర్ ట్రే వైపు మరికొన్ని. తీసిన ప్రతిదాన్నీ కోడిగుడ్ల అట్టలో వేసి, ఎక్కడిదో గుంట పక్కనే రాయండి. అన్నీ వచ్చాయనుకున్నాక చక్రం దగ్గర మూల పట్టుకుని ముందుకి కాదు, పక్కకి గుంజండి. ఫెండర్ కింద బ్రాకెట్‌లో ఇరుక్కుని ఉంటుంది, టక్కుమని చప్పుడొస్తుంది. గుండె జారుతుంది గానీ ఏమీ విరగదు. రెండు వైపులా వచ్చాక పూర్తిగా లాగకుండా ఆగి, లోపల దీపాల కనెక్టర్లు తీయండి. ఇక్కడ తొందరపడి వైరు తెంపినవాళ్లని చూశాను. ఆ బ్రాకెట్లు జాగ్రత్త, అవి మళ్లీ కావాలి. 2013 బండి కదా, ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది. కొత్త బ్రాకెట్లు, ఇరవై ముప్ఫై క్లిప్పుల ప్యాకెట్టు ముందే తెప్పించి పెట్టుకోండి.

ఇప్పుడు అన్నింటికన్నా ముఖ్యమైనది. బంపర్ ఊడి వచ్చాక లోపల ఓ నురగ దిమ్మ, దాని వెనక అడ్డంగా లోహపు దూలం కనిపిస్తాయి. మనం బంపర్ బంపర్ అంటున్నది తొడుగు మాత్రమే, అసలు బంపర్ ఆ దూలమే. అమెరికాలో కార్ల బంపర్ ప్రమాణం గంటకి 2.5 మైళ్ల వేగంతో గుద్దినప్పటి నష్టాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. 1982కి ముందు అది 5 మైళ్లు ఉండేది. ఆ పరీక్ష నెగ్గేది దూలం, నురగ కలిసి, పైనున్న తొడుగు వల్ల కాదు. అంతకన్నా పెద్ద దెబ్బల్లో బలాన్ని బండి చట్రంలోని రెండు పొడుగు పట్టాలకీ పంచేది కూడా ఆ దూలమే.

ఎందుకు చెబుతున్నానంటే, కొన్ని ఫైబర్‌గ్లాస్ బంపర్లు నురగకి అడ్డు తగులుతాయి. వీడియోల్లో ఆ నురగని తీసి పారేస్తారు, కొందరు దూలాన్నే కోస్తారు. ఒకతను నా గ్యారేజీకి వచ్చి దూలం మూలలు కోసిపెట్టమని అడిగాడు. కాఫీ ఇచ్చి పంపాను, కోయలేదు. నురగ ఎక్కడ తగులుతోందో అక్కడ పలచగా చెక్కడం వరకూ నేను ఒప్పుకుంటాను, అదీ అర అంగుళం లోపే. అంతకన్నా తగిలితే ఆ బంపర్ మీ బండికి కాదు, వాపసు పంపండి. రంగు వేయించలేదు కాబట్టి పంపగలరు కూడా.

తొడిగి చూడటం దగ్గరికి వద్దాం. ఫెండర్ అంచులకీ, హుడ్ ముందు అంచుకీ, హెడ్‌లైట్ల చుట్టూ రెండు వరసలు మాస్కింగ్ టేపు వేయండి. ఇంకో మనిషి ఉండాలి, ఒక్కరే చేయొద్దు. మా ఆవిడ ఈ పదకొండింట్లో కనీసం ఏడింటికి ఒక కొన పట్టుకుంది, పని నాకన్నా తనకే బాగా వచ్చు.

క్రమం ఇదీ: ముందు నడిమధ్య, తర్వాత హెడ్‌లైట్ల కింద, ఆఖర్న ఫెండర్లు. చాలామంది ఫెండర్ దగ్గర సందు చూసి అక్కడ బిగించి మొదలుపెడతారు. అలా చేస్తే ఆ తప్పంతా ముక్కు దగ్గర పోగవుతుంది, హుడ్ ముందు వంకర గీత అందరికీ కనిపిస్తుంది. హుడ్ గొళ్లెం నడిమి నుంచి రెండు వైపులా కొలిచి, బంపర్ మధ్య గీత టేపు మీద పెన్సిలుతో గీసి, రెండూ కలపండి. మధ్యలో రెండు క్లిప్పులు వదులుగా పెట్టండి. తర్వాత మూలలు.

హుడ్‌కీ బంపర్‌కీ మధ్య సందు కొలవడానికి నేను పాత గిఫ్ట్ కార్డులు వాడతాను. ఒక్కో ప్లాస్టిక్ కార్డు మందం 0.76 ఎంఎం. ఐదు కార్డులు దూరితే దాదాపు 4 ఎంఎం. పాత బంపర్ విప్పకముందే నాలుగైదు చోట్ల ఎన్ని కార్డులు పట్టాయో టేపు మీద రాసుకుంటే, కొత్తది కూర్చోబెట్టేటప్పుడు అదే మీ లక్ష్యం. హుడ్‌ని నెమ్మదిగా దించి చూడండి, వదిలేయొద్దు. బంపర్ పై అంచు ఎత్తుగా ఉంటే హుడ్ దానిమీద కొట్టుకుని రెండూ పోతాయి.

ఎక్కడ తగులుతుందో ఎలా తెలుస్తుంది? లోపలి వైపు లిప్‌స్టిక్ పూయండి. నవ్వకండి, నిజంగానే. బంపర్ పెట్టి నొక్కి తీస్తే తగిలిన చోట ఎర్రగా అంటుకుంటుంది. అక్కడే అరగదీయండి, 80 నంబరు పేపర్‌తో, ఒక్కసారికి మిల్లీమీటరు. మళ్లీ పెట్టి చూడండి. నేను పాడుచేసిన రెండో బంపర్ ఇక్కడే పోయింది. పదిసార్లు తీసి పెట్టడం విసుగొచ్చి కటింగ్ చక్రంతో హుడ్ అంచు పొడుగునా ఒకేసారి కోసేశాను. మధ్యలో బాగుంది, చివర్లలో వేలెడు సందు. తీసినదాన్ని మళ్లీ పెట్టడానికి లప్పంతో మూడు రోజులు పట్టింది, అయినా ఎండలో ఆ గీత ఇప్పటికీ కనిపిస్తుంది.

గాజునార దుమ్ము గురించి తేలిగ్గా తీసుకోవద్దు. పొడుగు చేతుల చొక్కా, చేతి తొడుగులు, కళ్లద్దాలు, కనీసం ఎన్95 మాస్కు. గ్యారేజీ తలుపు తెరిచి, వాటర్ పేపర్‌తో తడిపి అరగదీయగలిగిన చోటల్లా తడిపే చేయండి. ఆ చొక్కాని పిల్లల బట్టలతో కలిపి వాషింగ్ మెషీన్‌లో వేస్తే ఆ వారమంతా ఇంటిల్లిపాదీ గోక్కుంటారు. అనుభవం.

సందు ఎక్కువున్న చోట అంచు పెంచాలి. ఫెండర్ అంచు మీద ప్యాకింగ్ టేపు నున్నగా అంటించండి, రెజిన్ దానికి పట్టదు. బంపర్ అంచుని వెనక వైపు నుంచి 80 పేపర్‌తో గరుకు చేసి, గాజునార ముక్కలు రెజిన్‌తో తడిపి, ఫెండర్ టేపుకి ఆనేలా అద్దండి. గట్టిపడ్డాక ఊడదీసి, మడిచిన పేపర్‌తో సందు సరిచేస్తే ఫెండర్ ఆకారం అచ్చు దిగుతుంది. 2, 3 ఎంఎం లోపు ఎగుడుదిగుళ్లకి గాజునార కలిసిన లప్పం చాలు. వట్టి లప్పంతో అంచు కట్టొద్దు, పావు అంగుళం దాటిన లప్పం ఏదో ఒకరోజు పలకలా ఊడుతుంది. గట్టిపరిచే మందు బరువులో రెండు శాతం దగ్గర. ఆగస్టులో డాలస్ గ్యారేజీలో అది మీరు కలుపుతుండగానే గడ్డకడుతుంది, అందుకని నిమ్మకాయంత ముద్దే కలపండి. మా షెడ్డులో ముసలి పెయింటర్ ఒకాయన లప్పం పట్టాక కళ్లు మూసుకుని అరచేత్తో తడిమేవాడు. కంటికి కనపడని గుంట చేతికి తగులుతుంది. నేనూ అంతే చేస్తాను, పక్కింటి తెల్లాయన చూసి ఏమనుకుంటాడో గానీ.

రంధ్రాలు. ఫైబర్‌గ్లాస్ బంపర్లు చాలావరకు రంధ్రాలు లేకుండానే వస్తాయి, లేదా తప్పు చోట ఉండి వస్తాయి. బంపర్ అన్ని వైపులా సరిగ్గా కూర్చున్నాకే రంధ్రం గుర్తు పెట్టండి. గుర్తు మీద టేపు వేసి, 3 ఎంఎం బిట్టుతో ముందు దారి చేసి, తర్వాత 6 ఎంఎం బోల్టుకి కాస్త వదులుగా ఉండేలా పెంచండి. రంగు వేయబోయే బయటి వైపు నుంచే తొలవాలి. వెనక నుంచి తొలిస్తే బిట్టు బయటికొచ్చే చోట జెల్‌కోట్ పెచ్చులుగా లేస్తుంది. అంచుకి కనీసం రెండు సెంటీమీటర్లు లోపలికి ఉండాలి. బోల్టు తల కింద వెడల్పాటి వాషర్, దాని కింద రబ్బరు వాషర్. చేత్తో బిగించి, ఆపైన పావు తిప్పు. చాలు.

పాడుచేసిన మూడోది ఈ పావు తిప్పు దగ్గరే. ఓ తమ్ముడి నిస్సాన్ 350జెడ్‌కి అన్నీ అద్దినట్టు కుదిరాయి, రంగు కూడా అయింది. ఆఖరి బోల్టుని ఎందుకైనా మంచిదని గట్టిగా ఒక్క గుంజు గుంజాను. బోల్టు చుట్టూ సాలెగూడులా పగుళ్లు. అవి రంగులో కనిపిస్తున్నా పగిలింది కింద జెల్‌కోట్, కాబట్టి పైన పాలిష్‌తో పోవు. ప్లాస్టిక్ బంపర్‌కి అలవాటైన చెయ్యి ఫైబర్‌గ్లాస్‌ని చంపేస్తుంది.

కింద బంపర్ వేలాడకుండా రెండు మూడు చోట్ల ఆసరా ఇవ్వండి. హార్డ్‌వేర్ షాపులో దొరికే అల్యూమినియం పట్టీని ఎల్ ఆకారంలో వంచి, కింది పెదవి నుంచి లోపలి చట్రానికి. హైవే మీద గాలి కింది నుంచి ఎంత బలంగా లాగుతుందో 70 మైళ్ల దగ్గర బంపర్ దడదడలాడితే తెలుస్తుంది.

రంగుకి ఇచ్చే ముందు 180, 320 పేపర్లు వరసగా పట్టి, సూది బెజ్జాలన్నీ నింపి ఇస్తే షాపువాడికి సగం పని తగ్గుతుంది, బేరం ఆడొచ్చు. నేను ఇచ్చినవాటికి 450 నుంచి 700 డాలర్ల మధ్య పడింది. డ్రైవర్ తలుపు చట్రం దగ్గర స్టిక్కర్ మీద రంగు కోడు ఉంటుంది, కానీ ఆ కోడుతో కలిపిన రంగు పన్నెండేళ్లు ఎండిన ఫెండర్‌కి సరిపోదు, ఫెండర్ పక్కన పెట్టి సరిచూడమనండి. డబ్బా స్ప్రేతో ఇంట్లో ప్రైమర్ వరకు కొట్టుకోవచ్చు. గట్టిపరిచే మందు కలిసే రెండు భాగాల క్లియర్ కోటు మాత్రం గ్యారేజీలో కొట్టకండి. అందులో ఐసోసయనేట్లు ఉంటాయి. ఊపిరితిత్తులకి ఒకసారి అవి పడకుండా పోయాయంటే తర్వాత కొంచెం పీల్చినా ఉబ్బసం వస్తుంది. దుమ్ము మాస్కు దాన్ని ఆపదు. మా షెడ్డులో పెయింటర్లు ముక్కుకి తువ్వాలు కట్టుకునే కొట్టేవాళ్లు. వాళ్ల దగ్గు నాకింకా చెవుల్లో ఉంది.

ఇక మీరు అడగని రెండు మూడు సంగతులు.

కొత్త బంపర్ నోరు ఎంత పెద్దగా కనిపించినా, గాలి రేడియేటర్‌లోకి పోవాలంటే పక్కల తప్పించుకోకుండా అడ్డు ఉండాలి. పాత బంపర్ వెనక నల్ల ప్లాస్టిక్ పలకలు, నురగ పట్టీలు ఉన్నాయి చూడండి, అవి అందుకే. చాలామంది అవి పట్టలేదని చెత్తలో వేస్తారు, జులైలో ట్రాఫిక్‌లో ఇంజిన్ వేడి చూపే సూది పైకి లేచినప్పుడు బంపర్‌ని తిడతారు. పట్టకపోతే కోసి, సరిచేసి, ఎలాగోలా తిరిగి పెట్టండి. అలాగే ముందు గ్రిల్ వెనక వేలాడే చిన్న ఉష్ణోగ్రత సెన్సర్ మర్చిపోవద్దు. ఒకసారి దాని ప్లగ్గు పెట్టకుండా అంతా బిగించేశాను. బయట 102 డిగ్రీల ఫారెన్‌హీట్, బండి మాత్రం గడ్డకట్టే చలి అనుకుని ఏసీ ఆన్ చేయనంది. మళ్లీ మొత్తం విప్పాను.

జపాన్ డిజైన్ బంపర్లలో పక్కన సైడ్ మార్కర్‌కి (పక్క నుంచి బండి కనిపించేలా పెట్టే చిన్న దీపానికి) చోటుండదు. అక్కడ అది తప్పనిసరి కాదు. అమెరికాలో అమ్మే కార్లకి ముందు పక్కల నారింజ రంగు మార్కర్, రిఫ్లెక్టర్ వాహన దీపాలకి సంబంధించిన ఫెడరల్ 108వ ప్రమాణం ప్రకారం ఉండాల్సిందే. మీ పాత బంపర్ పక్కల్లో ఉన్నవి అవే. కొత్తదానిలో చోటు లేకపోతే రంగుకి ముందే కోసి అమర్చండి. టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి మామూలు కార్లకి ఏటేటా భద్రతా తనిఖీ తీసేశారు, డాలస్ చుట్టుపక్కల కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం మిగిలింది. తనిఖీ లేదని దీపాల చట్టం పోలేదు, రాత్రి అడ్డరోడ్డు నుంచి వచ్చేవాడికి మీ బండి మూతి కనిపించాలి కూడా. ముందు నంబరు ప్లేటు ఇక్కడ తప్పనిసరి. కొత్త రంగు మీద తొలవడం బాధనిపిస్తే టో హుక్ (బండిని లాగే కొక్కెం) రంధ్రంలో బిగించే ప్లేటు స్టాండు దొరుకుతుంది. ఇన్సూరెన్స్‌వాళ్లకి ఒక మెయిల్ పెట్టి, ఆఫ్టర్‌మార్కెట్ భాగాలకి పాలసీలో కవరేజీ ఉందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి.

ఎత్తు కూడా చూసుకోండి. సిమెంటు దిమ్మే మీ పాత బంపర్‌ని తిన్నది కదా, కొత్తదాని పెదవి ఇంకా కిందికుంటుంది, పైగా ఇది వంగదు. తొడిగి చూసిన రోజునే అట్టముక్క నిలబెట్టి నేల నుంచి పెదవి దాకా కొలిచి, మీరు రోజూ ఆపే దిమ్మ పక్కన ఆ అట్టని పెట్టి చూడండి. దిమ్మ ఎత్తైతే ఇకనుంచి బండిని వెనక్కి తిప్పి పార్క్ చేయడమే. మీ డ్రైవ్‌వే వాలు దగ్గర ఏటవాలుగా ఎక్కండి.

మూడు వారాంతాల్లో పాత బంపర్ విప్పి బండిని మూతి లేకుండా డ్రైవ్‌వేలో వదిలేస్తే మీ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నుంచి ప్రేమలేఖ వస్తుంది, నాకొచ్చింది. గ్యారేజీ లోపల పెట్టుకోండి, లేదా రంగుకి వెళ్లినన్నాళ్లూ చీలిన పాత బంపర్నే మళ్లీ తగిలించి తిరగండి. మొదటి వారం నడిపాక అన్ని బోల్టులూ ఓసారి చేత్తో తడిమి చూడండి, ఒకటి రెండు వదులవుతాయి.

బంపర్ వచ్చి మొదటిసారి తొడిగినప్పుడు నాలుగు ఫొటోలు పెట్టండి: ముక్కు ఎదురుగా, రెండు ఫెండర్ల దగ్గర, పై నుంచి హుడ్ గీత. ఎక్కడ ముందు అరగదీయాలో చెబుతాను. అప్పటిదాకా పేపర్ ముట్టుకోకండి.